తలకో హెడ్‌సెట్ ఇస్తే పిల్లలు కలిసి నేర్చుకుంటారా?

కూకట్‌పల్లి అమ్మ:
మా బాబు ఏడో తరగతి. వచ్చే ఏడాది నుంచి సోషల్, సైన్స్ పాఠాలు కొన్ని వర్చువల్ ప్రపంచంలో గ్రూపులుగా నేర్పిస్తామని స్కూల్లో చెప్పారు. ఒక్కొక్కరికీ హెడ్‌సెట్ ఇస్తారట, ఫీజు కూడా పెరుగుతుందట. డెమోకి వెళ్లి చూశాను. ఇరవై మంది పిల్లలు కళ్లకు పెట్టెలు కట్టుకుని తలో దిక్కుకు తిరిగి కూర్చున్నారు, పక్కవాళ్లతో ఒక్క మాట లేదు. కలిసి నేర్చుకోవడం అంటే ఇదేనా? పిల్లలతో ఇలాంటివి చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

రిటైర్డ్ మాస్టారు:
వద్దమ్మా. గోల్కొండ మన ఊళ్లోనే ఉంది. ఫతే దర్వాజా దగ్గర ఒకడు చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. సగం మంది కింద, సగం మంది పైన నిలబడితే తప్ప ఆ పాఠం ఎవరికీ అందదు. ఆ డబ్బుతో బస్సు పెట్టమనండి.

సోషల్ టీచర్, మలక్‌పేట:
మాస్టారూ, గోల్కొండ విషయంలో మీ మాటే నాదీ. కానీ 1908 మూసీ వరద దగ్గరికి ఏ బస్సూ వెళ్లదు.

మాది ప్రభుత్వ పాఠశాల. ఎనిమిదో తరగతిలో 36 మంది, పనిచేసే కంప్యూటర్లు 9. లువాంటి అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పాత పేరు మైన్‌టెస్ట్. మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో లాగే దిమ్మెల్లాంటి గడులు పేర్చి ఊరు కట్టొచ్చు. పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ల్యాబ్‌లోవి కేబుళ్లతో కలిపితే అందరూ ఒకే లోకంలో ఉంటారు. అందులో మూసీ కట్టించాను. పురానాపూల్, అఫ్జల్‌గంజ్, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు మాత్రం నేనే కడతానని ముగ్గురు పట్టుబట్టారు.

మొదటి వారమంతా గొడవే. ఒక గ్రూపు కట్టింది ఇంకో గ్రూపు కూలగొట్టేది. ఒకమ్మాయి ఏడ్చింది, నాకు ఒకటే టెన్షన్. పైగా ఆ లోకంలో నీళ్లు కొన్ని గడులు పారి ఆగిపోతాయి, నిజం నీళ్లలా పొంగవు. పిల్లలే పొర మీద పొర పోయాల్సి వచ్చింది. ఎక్కడిదాకా పోయాలన్న దగ్గర అసలు వాదన మొదలైంది. ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ ఆనకట్ట కట్టేశాం, ఇక వరద రాదన్నారు ఒక గ్రూపు వాళ్లు. మ్యాప్ పట్టుకున్న పిల్ల లేచి, "మరి మూసీలో కలిసే ఈసీ నది నీళ్లు ఎటు పోతాయి?" అంది. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయ్యాక కూడా ఈసీ మీద హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టారో, అది 1927 దాకా ఎందుకు సాగిందో వాళ్లే తవ్వుకున్నారు. ఆ రెండు సంవత్సరాలూ ఏళ్ల తరబడి బోర్డు మీద రాసి బట్టీ పట్టించినదాన్ని నేను.

మేడమ్, ఆ ప్రశ్న ఒక్క కంప్యూటర్ ముందు నలుగురు ఇరుక్కుని కూర్చున్న బెంచీ మీద పుట్టింది. తలా ఒకటి ఇచ్చుంటే ఎవరి గడులు వాళ్లు పేర్చుకునేవాళ్లు. మీ స్కూల్లో ఒక పని పూర్తి కావడానికి ఎంతమంది పిల్లలు కావాలో అడగండి. ఒక్కరు చాలు అంటే ఫీజు కట్టకండి.

రిటైర్డ్ మాస్టారు:
నలుగురిలో మౌస్ ఎవరి చేతిలో ఉంటుందమ్మా? నా సర్వీసంతా చూశాను. గ్రూపు పని అంటే ఒకడు చేస్తాడు, ముగ్గురు చూస్తారు. ఆడపిల్లలకు మౌస్ అందనే అందదు.

సోషల్ టీచర్, మలక్‌పేట:
మొదట్లో అచ్చం అలాగే జరిగింది మాస్టారూ. ఇప్పుడు ఒకరి దగ్గర మ్యాప్, ఒకరి దగ్గర పాఠం, ఒకరు రాసుకోవాలి, ఒకరికి మౌస్. మిగతా ముగ్గురూ చెప్పకుండా మౌస్ ఉన్నవాళ్లు ఒక్క గడి కూడా పెట్టకూడదు. పది నిమిషాలకోసారి చేతులు మారాలి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో ఎలియట్ ఆరన్‌సన్ మొదలుపెట్టిన జిగ్సా పద్ధతి నుంచి తీసుకున్నాను. తలా ఒక ముక్క ఇస్తారు, అన్నీ కలిస్తేనే పాఠం.

రిటైర్డ్ మాస్టారు:
హెడ్‌సెట్ల మాటలో నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ మ్యాప్ పట్టుకున్న పిల్లనూ, క్లాసు మొత్తాన్నీ ఒకసారి హిమాయత్‌సాగర్ గట్టు మీదికి తీసుకెళ్లు తల్లీ. బస్సు ఖర్చులో నా వంతు నేనిస్తాను.