సమస్య: «తిరిగి వచ్చియు నింటికిఁ దిరిగి రాదు»

నిర్వాహకుడు: నిన్న మా తమ్ముడి సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) గుండ్రం కోయమంటే నాలుగు చోట్ల నొక్కిన లడ్డూ కోసింది. ఆ కోపంలో పుట్టిన పాదం. కానివ్వండి.

లేతుమామ:
మరకు నట్టుకు సందున మసలు గాలి
మింగు మొదటి యడుగుల నిమేషమందె;
వెనుకకే మోటరది తిప్పువేళ బల్ల
తిరిగి వచ్చియు నింటికిఁ దిరిగి రాదు.

నిర్వాహకుడు: ‘అడుగులు’ భలే! మామూలు స్టెప్పర్ (అడుగడుగుగా తిరిగే మోటరు)కు చుట్టుకు 200 అడుగులు, టీఆర్8x8 మర చుట్టుకు బల్లను 8 మి.మీ. జరుపుతుంది. అంటే అడుగుకు 0.04 మి.మీ. సందు 0.20 ఉంటే అయిదు అడుగులు గాలి పాలు.

గిరకబండి: పద్యం బాగుంది, యంత్రమే తప్పు. హోమింగ్ (బల్ల తన సున్నా చోటును వెతుక్కోవడం) ప్రతిసారీ ఒకే వైపు నుంచి స్విచ్‌ను తాకుతుంది, కాబట్టి మామగారి బల్ల ఇంటికి బాగానే వస్తుంది. పొరుగింటి దగ్గరే తడబడుతుంది. నాది చూడండి:

స్ప్రింగు నట్టు బిగించితిఁ జెడెను సందు
గ్రబ్బు మర వదులైనచోఁ గాదు ఫలము
డయలు ముల్లు సున్నకు వచ్చు దారిలోనె
తిరిగి వచ్చియు నింటికిఁ దిరిగి రాదు.

కొత్తసభ్యుడు: ‘స్ప్రిం’కి ‘జె’ యతా?

నిర్వాహకుడు: సంయుక్తంలో ‘స’ ఉందిగా, చెల్లుతుంది.

లేతుమామ: అది చెల్లింది సరే, ‘డ’కు ‘దా’ ఎలా చెల్లింది బండిగారూ? నా ఇంటిని కొలిచేవారు మీ మూడో పాదాన్ని కొలుచుకోలేదా? ‘సున్నను వచ్చి డాయలేక’ అనండి, యతి నిలబడుతుంది.

గిరకబండి: ‘డాయలేక’ తీసుకున్నాను, దణ్ణం. మీ సానరాయి పూరణలో గణం కుంటినప్పుడు మాత్రం నేను నోరు మెదపలేదని గుర్తుంచుకోండి.

లేతుమామ: అది అచ్చుతప్పు!

కొత్తసభ్యుడు: సాఫ్ట్‌వేర్‌లో 0.20 కలిపేస్తే సరిపోదా?

గిరకబండి: యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లలో లినక్స్ సీఎన్‌సీలో ఆ సవరణ ఉంది, జీఆర్‌బీఎల్‌లో లేదు. ఉన్నా, క్లైంబ్ కోతలో (కటర్ పళ్లు తిరిగే వైపుకే బల్ల కదిలే కోత) కటర్ బల్లను సందు మేరకు లాగేసుకుంటుంది, దాన్ని లెక్క ఆపలేదు. ముందు డయల్ (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి 1 మి.మీ. ముందుకు, మళ్లీ వెనక్కి నడపండి. తేడా కనిపిస్తే బల్లను చేత్తో పట్టి ఊపండి. కప్లింగ్ (మోటరును మరకు కలిపేది) జారుతోందా, చివరి బేరింగ్‌లో మర ముందుకూ వెనక్కూ ఆడుతోందా చూడండి. నట్టు జోలికి ఆ తర్వాతే. నేను స్ప్రింగు నట్టు కొన్న వారానికి గ్రబ్ స్క్రూ (కప్లింగ్‌ను బిగించే తలలేని చిన్న మర) సంగతి తెలిసింది, రెండో పాదం ఆ ఏడుపే.

లేతుమామ: ఇప్పుడే మా మిషన్‌కూ అదే స్క్రూ బిగించి వచ్చాను. 0.20 కాస్తా 0.06 అయింది. పద్యం బాగుందని మాత్రం నేననలేదు.