ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు ఏయే పత్రాలు కావాలి?

ప్రశ్న:
నేను మెకానికల్ బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేసవిలో ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. బోనఫైడ్ సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా, ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) కూడా కావాలా? రెజ్యూమే మూడు పేజీలు వచ్చింది. ఏది తీసివేయాలో తోచడం లేదు.

మొదటి సమాధానం:
ఆ రెండూ వేర్వేరు పత్రాలండీ. మీరు ఆ కాలేజీ విద్యార్థి అని బోనఫైడ్ చెబుతుంది; ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీరు శిక్షణకు వెళ్లడానికి కాలేజీకి అభ్యంతరం లేదని ఎన్ఓసీ చెబుతుంది. నేను తేదీలు లేకుండా 'వేసవి సెలవుల్లో' అని మాత్రమే రాయించుకున్నందువల్ల నా లేఖ తిరిగి వచ్చింది. అప్పటికి ప్రిన్సిపాల్ గారు సెలవులో ఉన్నారు. ఆ సంతకం కోసం తొమ్మిది రోజులు తిరిగాను.

రెండో సమాధానం:
రెజ్యూమేను ఒక్క పేజీకి కుదించండి. తండ్రి పేరు, అభిరుచులు, చివర రాసే డిక్లరేషన్ తీసివేస్తే చాలావరకు తగ్గుతుంది. 'సాలిడ్‌వర్క్స్ (3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) వచ్చు' అనడం కన్నా, 'గేర్‌బాక్స్ కేసింగ్‌కు 3డీ మోడల్ చేసి, టాలరెన్సులతో (కొలతల్లో అనుమతించే తేడాలతో) సహా డ్రాయింగులు తీశాను' అని రాస్తే చూసేవారికి మీ పని అర్థమవుతుంది.

మూడో సమాధానం:
పదో తరగతి మెమోలోనూ ఆధార్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. మన ఇంటిపేరు చాలాసార్లు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటుంది.