సముద్రం పక్కన షెడ్డులో పెట్టే బండికి కవరు కప్పాలా, వద్దా?

ఉప్పుగాలి (విశాఖపట్నం):
మా ఇల్లు బీచ్‌రోడ్డుకి అర కిలోమీటరు కూడా ఉండదు. నాన్నగారి బుల్లెట్ 8 నెలలుగా షెడ్డులోనే ఉంది. ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులు తాడుతో బిగించి కట్టాను. మొన్న విప్పితే స్పోకులన్నీ ఎర్రబారి ఉన్నాయి, సైలెన్సర్ కింద పొక్కులు లేచాయి, చైను బిగుసుకుపోయింది. పక్కనే ఏమీ కప్పకుండా గోడకి ఆనించిన తమ్ముడి సైకిలు ఇంతకంటే నయం. ప్రాణం ఉసూరుమంది. మన తీరంలో కవరు కప్పడమే తప్పని నాకనిపిస్తోంది. కాదనేవాళ్లుంటే చెప్పండి.

పాత చేతక్ (కాకినాడ):
నేను కాదంటాను తమ్ముడూ. కప్పకపోతే గాల్లో వచ్చే ఉప్పు నేరుగా రేకు మీదే పేరుకుంటుంది. తప్పు కవరుది కాదు, ప్లాస్టిక్‌ది, బిగించి కట్టడానిది. లోపలి చెమ్మ బయటికి పోయే దారే లేదు కదా. నేను పాత నూలు దుప్పటి కప్పుతాను, అంచులు నేలకి జానెడు ఎత్తులో ఉండేలా. ఇంతకీ కప్పేముందు బండి కడిగావా?

ఉప్పుగాలి:
లేదన్నా. పొడిగుడ్డతో తుడిచానంతే.

గాజువాక వర్క్‌షాపు:
అక్కడే దెబ్బతింది. పొడిగుడ్డకి ఉప్పు పోదు, పైగా రంగు మీద గీతలు పడతాయి. సముద్రపు ఉప్పులో వంటుప్పు ఒక్కటే ఉండదు, మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, అది నీటిని లాక్కుని చెమ్మగిల్లుతుంది. మన తీరంలో తేమ అంతకన్నా తగ్గడమే అరుదు. అంటే చినుకు పడకపోయినా ఆ ఇనుము తడిలో ఉన్నట్టే లెక్క. ముందు మంచినీళ్లతో, ముఖ్యంగా మడ్‌గార్డుల లోపలా చైను చుట్టూ, బాగా కడగండి. ఎండలో పూర్తిగా ఆరాక చైనుకి ఆయిలు, స్పోకులకి పల్చగా గ్రీజు పట్టించండి. గుడ్డ కప్పాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.
ఇంకో సంగతి. షెడ్డులో బాత్రూం కడిగే యాసిడ్ గానీ ఉందా?

ఉప్పుగాలి:
రెండు సీసాలున్నాయి. ఒకదాని మూత వదులు. మీరడిగాక వెళ్లి చూశాను. ఆ వైపున్న రిమ్మే ఎక్కువ పాడైంది, అక్కడి గునపం, పార కూడా తుప్పే.

గాజువాక వర్క్‌షాపు:
ఇవాళే బయట పెట్టండి. దాని ఆవిరి ఇనుముని తినేస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్నా దూరంగా జరపండి.

కొండాపూర్ బండి (హైదరాబాద్):
ఇంత హడావుడి దేనికండీ? వారానికోసారి 5 నిమిషాలు స్టార్ట్ చేసి, షట్టరు రోజంతా తెరిచి ఉంచితే సరిపోదా? నేను చేసేది అదే.

గాజువాక వర్క్‌షాపు:
మీ ఊరి గాలి పొడి, అందుకే చెల్లుతోంది. పెట్రోలు మండితే నీటి ఆవిరి వస్తుంది. 5 నిమిషాల్లో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, ఆ నీరు లోపలే నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. నడిపితే అరగంట రోడ్డు మీద నడపండి, లేదంటే స్టార్టే చేయొద్దు. షట్టరు కూడా అంతే. తెల్లవారుజామున తెరిస్తే తేమగాలి వచ్చి చల్లటి లోహం మీద నీరై కూర్చుంటుంది. మధ్యాహ్నం ఎండ బాగా కాసేటప్పుడు తెరవండి.

మిషిగన్ తెలుగువాడు:
మాకు సముద్రం లేకపోయినా చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. గ్యారేజీలో హీటర్ పెట్టుకుని కారుకి మేలు చేస్తున్నాననుకునేవాణ్ణి. అడుగున అంటుకున్న ఉప్పుమంచు ఆ వెచ్చదనానికి కరిగి, తుప్పు ఇంకా వేగంగా పట్టింది. ఇప్పుడు హీటర్ మానేసి, అడుగుభాగం తరచూ కడిగిస్తున్నాను.

పాత చేతక్:
కడగమన్నది ఒప్పుకుంటాను. కానీ కడిగాక కప్పకుండా వదిలితే పది రోజుల్లో ఉప్పు మళ్లీ మొదటికొస్తుంది. దుప్పటి విషయంలో నా మాట మార్చుకోను.

ఉప్పుగాలి:
అయితే చూద్దామన్నా. ఒకే ఊచని రెండు ముక్కలు కోసి, కడిగి ఆరబెట్టాను. ఒకటి నూలుగుడ్డ కింద, ఒకటి బయట, రెండూ బండి పక్కనే వేలాడదీశాను. దీపావళికి ఫొటోలు ఇక్కడే పెడతాను.