ఈ వారం సమస్య: "మండుటెండలోన మంచుకొండ"

బరంపురం బాబాయి:
పోయిన ఆదివారం మా అత్తగారితో కలిపి తొమ్మిదిమందిమి ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ వెళ్లి, పడవ మాట్లాడుకుని అక్కడి లంకలు చుట్టొచ్చాం. సంకుడలో ఖల్లికోట రాజావారి పాడుబడ్డ బంగళా చూశాం (బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అంటేనే పడవవాడికి అర్థమైంది), ఆ తర్వాత బర్కుడ లంకలో బండలు పట్టుకుని, పొదలు తప్పించుకుని పైకెక్కి పులిహోర తిన్నాం. ఫాల్గుణంలోనే ఎండ చంపేసింది. తిరిగొస్తుంటే పడవలో ఈ పాదం తట్టింది, ఎందుకు తట్టిందో చివర్లో చెప్తా. ఆటవెలది పద్యానికి ఇది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి, కానివ్వండి.

రాయగడ పంతులు:
పంచవహ్ని నడుమఁ బార్వతి తపమున్న
యెండ మాడ్చు వేళ నెవరు తోడు?
కన్నతండ్రి తానె కాచుచు నిలిచెను
మండుటెండలోన మంచుకొండ

పర్లాకిమిడి మాస్టారు:
పంతులుగారూ, ఛందస్సులో వేలు పెట్టే చోటు లేదు. ప-బ యతి, క-క యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలిసే అక్షరం) శుభ్రంగా ఉన్నాయి. హిమవంతుణ్ణి కన్నతండ్రిగా నిలబెట్టడం బాగుంది. కాకపోతే మంచుకొండ అనగానే హిమాలయం ఎక్కేయడం అందరం చేసేదే. మనకు పక్కనే నీళ్లుండగా అంతదూరం ఎందుకు వెళ్లారా అనిపించింది.

ఛత్రపురం కోడలు:
మొదటిసారి రాస్తున్నాను, తిట్టకండి.
రంభ రేవు కాడ రొయ్యలబుట్టలు
మురగకుండ నైసు ముక్కలేయ
గుట్ట చూసి గుంట గోలగా నరిచెను
"మండుటెండలోన మంచుకొండ!"

పర్లాకిమిడి మాస్టారు:
తిట్టడం ఏంటమ్మా, నవ్వుకున్నాను. మొదటి పాదంలో యతి మాత్రం తప్పింది. 'రం'లో ఉన్నది అకారం, 'రొ'లో ఒకారం, హల్లు ఒకటే అయినా అచ్చులకు మైత్రి లేదు. "రంభ రేవు కాడ రాశిపోసిన రొయ్య" అనండి, ర-రా కుదురుతుంది, బుట్టల కంటే రాశి అంటేనే ఐసుగుట్ట కళ్లకు కడుతుంది కూడా. మూడో పాదంలో గు-గో సరిపోయింది, ఉకార ఓకారాలకు మైత్రి ఉంది.

రాయగడ పంతులు:
గుంట అరవడం ఏమిటమ్మా? నేను నేలమీద గొయ్యి అనుకున్నాను.

ఛత్రపురం కోడలు:
మా వైపు ఆడపిల్లని గుంట అంటాం పంతులుగారూ, మా చిన్నదే ఆ గుంట. మాస్టారి దిద్దుబాటు తీసుకున్నాను.

గుణుపురం కుర్రాడు:
నాది మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. "అమ్మమ్మ యెక్కె రాయి నాయాసమే లేక". ఎన్నిసార్లు చదివినా ఎక్కడో కుంటుతోంది.

పర్లాకిమిడి మాస్టారు:
తమ్ముడూ, గణమంటే అక్షరాల గుంపు. మీ అమ్మమ్మ ఇంద్రగణం, పెద్ద గుంపు, అక్కడ కావలసింది సూర్యగణం, చిన్న గుంపు. గురువు గురువు లఘువు (సాగే అక్షరాలు రెండు, పొట్టిది ఒకటి) వస్తే త-గణం అనే ఇంద్రగణం, ఆటవెలది మొదటి చోట కూర్చోదు. అవ్వ అను, గలం (గురువు, లఘువు) అనే సూర్యగణం అవుతుంది, దారి దానంతట అదే దొరుకుతుంది.

గుణుపురం కుర్రాడు:
అవ్వ యెక్కె రాయి నాయాసమే లేక
మనుమలింక కింద మసలుచుండ
వెండి జుట్టు మెరిసె వేసవి వెలుగులో
మండుటెండలోన మంచుకొండ

బరంపురం బాబాయి:
ఇది మా అత్తగారికి చదివి వినిపించాను. బర్కుడలో నిజంగానే ఆవిడే ముందు ఎక్కారు, మా పిల్లలు ఫోన్లు పట్టుకుని కిందే ఉండిపోయారు. నువ్వు అక్కడ లేకుండానే ఎలా రాశావు రా?

గంజాం గుమస్తా:
గువ్వ వాలి వాలి గుట్టంత సున్నమై
నల్లబండ నేడు తెల్లనాయె
పడవలోన తాత పకపక నవ్వెను
మండుటెండలోన మంచుకొండ

బరంపురం బాబాయి:
దొరికిపోయాను. ఇదే నేను చూసింది.

రాయగడ పంతులు:
అంటే ఇది పక్షుల రెట్ట మీద పద్యమా? పద్యంలో రెట్టలు తెస్తే ఔచిత్యం ఏం కాను?

గంజాం గుమస్తా:
రెట్ట అనే మాట వాడలేదు కదండీ, సున్నమనే అన్నాను. రంభ దగ్గరి బర్డ్స్ ఐలాండ్ బండలు దూరం నుంచి చూస్తే మంచు పడ్డట్టే ఉంటాయి. పక్షుల రెట్టలో తెల్లగా ఉండేది యూరిక్ ఆమ్లం, నీళ్లలో తొందరగా కరగదు, అందుకే చలికాలపు వలసపక్షులు చాలావరకు వెళ్లిపోయాక కూడా ఆ తెలుపు బండల మీద మిగిలిపోతుంది. ఉన్నదే రాశాను.

పర్లాకిమిడి మాస్టారు:
నేను గుమస్తాగారి పక్షం. అసలు మాట దాచి సున్నం అనడమే ఇక్కడ అందం, విప్పి చెప్తే పాడయ్యేది. నల్ల-తెల్ల ప్రాసయతి కూడా నచ్చింది, న-త లకు యతి కుదరకపోయినా 'ల్ల' నిలబెట్టింది. కానీ "నేడు" ఊరికే గణం నింపడానికి వచ్చింది. బండ ఒక్కరోజులో తెల్లబడదు. "నల్లబండ కాస్త తెల్లనాయె" అంటే మన మాటలా ఉంటుంది. ఇంకోటి, అక్కడ వాలేవి గువ్వలా? నేను చూసినప్పుడు నీటికాకులే ఎక్కువ.

గంజాం గుమస్తా:
కాస్త బాగుంది, మార్చేశాను. కొంగ అని పెట్టి "కొంగ వాలి వాలి కొండంత సున్నమై" అని చూశాను గానీ కింద మళ్లీ కొండ వస్తోంది, పునరుక్తి. మా అమ్మమ్మకు ఎగిరే పిట్టలన్నీ గువ్వలే, ఆవిడ మాటగా వదిలేయండి.

రాయగడ పంతులు:
సరే, పార్వతిని తీసుకుని నేను పక్కకు తప్పుకుంటున్నాను. ఆ లంకకోసారి నన్నూ తీసుకెళ్లండి బాబాయ్, మోకాళ్లు సహకరిస్తే. డాల్ఫిన్లు కూడా చూడొచ్చు కదా?

బరంపురం బాబాయి:
డాల్ఫిన్ల కోసం అయితే సాతపడ వెళ్లాలి పంతులుగారూ, అది సరస్సుకి రెండో చివర. రంభ వైపు బండలూ పక్షులూ మనమూ. బర్కుడలో ఇంకోటి ఉంది. కాళ్లు లేని నలికిరి, చూస్తే పామే అనుకుంటారు, కానీ బల్లి జాతి. 1917లో జువాలజికల్ సర్వే మొదటి డైరెక్టర్ అన్నండేల్ ఆ లంక పేరే కలిపి దానికి బర్కుడియా అని పేరుపెట్టాడు. మేం ఎక్కినంతసేపూ ఆకుల కింద వెతికాం, కనపడలేదు, మా అత్తగారు మాత్రం "కనపడకపోవడమే మంచిది" అన్నారు.

ఈ వారం మొదటి స్థానం గుమస్తాగారిది, అవ్వ పద్యానికి మా ఇంట్లోవాళ్ల ఓటు. వచ్చే ఆదివారానికి ఆటవెలది నాలుగో పాదమే మళ్లీ:

"కాళ్లు లేని బల్లి కదలి పోయె"

పాము అని తేల్చేస్తే సున్నా మార్కులు.