మాండొలిన్‌లో గుర్రం వెనక మోత: దీన్ని ఏమందాం, ఆపడాన్ని ఏమందాం?

మాండొలిన్ మీద గుర్రం (తీగల్ని ఎత్తి పట్టే చెక్క ముక్క, బ్రిడ్జ్) వెనక మిగిలే తీగ ముక్కలు వాటంతట అవే మోగుతుంటాయి కదా, ఆ చప్పుడుకి తెలుగు మాటేమిటి అన్న ప్రశ్నకి మన గుంపులో రెండు జవాబులు వచ్చాయి: అతిస్వరం, అనునాదం. రెండూ మంచి మాటలే, కానీ రెండూ ఒకటి కావు.

మీటిన తీగ నిండు పొడవునా ఊగుతూనే సగాలుగా, మూడో వంతులుగా కూడా ఊగుతుంది. అలా అసలు స్వరం పైన పుట్టేవి అతిస్వరాలు. మీటని తీగ ఇంకో తీగ ఊపు అందుకుని మోగితే అది అనునాదం. ప్రశ్నలో ఉన్నది ఈ రెండోదే. గుర్రానికీ, తీగలు తగిలించే రేకుకీ మధ్య ముక్క పొట్టిది కాబట్టి బాగా పైస్థాయిలో, సన్నగా గింగురుమంటుంది. మీటిన తీగలోని ఏదో ఒక అతిస్వరం దానికి దగ్గర పడితే చాలు.

మాండొలిన్ దగ్గరుంటే ఇప్పుడే వినొచ్చు. ఒక కార్డ్ (కలిసి పలికే కొన్ని స్వరాలు) గట్టిగా వాయించి, వెంటనే ఎడమ అరచేత్తో ఎనిమిది తీగల్నీ, అంటే నాలుగు జంటల్నీ, ఆపెయ్యండి. ఇంకా సన్నటి మోత మిగులుతుంది. కుడిచేతి వేలు గుర్రం వెనక తీగలకి ఆనించండి, టక్కున పోతుంది. పోకపోతే అది రెండో కొసన, శ్రుతి చేసే మరలవైపు మిగిలిన తీగ ముక్కలది. బ్లూగ్రాస్ (ఒక రకం అమెరికా జానపద సంగీతం) వాళ్లు కార్డ్ కొట్టి వెంటనే వేళ్లు వదులు చేసి శబ్దం తెంపేసే ‘చాప్’లో ఇది మరీ బయటపడుతుంది, ఎందుకంటే కొట్టిన వెంటనే నిశ్శబ్దం కావాలి. మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన మన పాలకొల్లు శ్రీనివాస్ గారి వాద్యం వేరు: జంట తీగలు కాదు, ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. నేను చెప్పేది జంట తీగల అకూస్టిక్ వాద్యం గురించి.

మందు చాలా చిన్నది. జంట తీగల మధ్య రబ్బరు రింగు దూర్చడం, తోలు పట్టీని తీగల మీదుగా కిందుగా అల్లడం, లేదా ఫెల్ట్ (మెత్తటి ఒత్తు ఉన్ని గుడ్డ) ముక్క పెట్టడం. తీగలు తగిలించే రేకు మీది మూతే గిలగిల్లాడుతుంటే దాని కింద కూడా ఓ ఫెల్ట్ ముక్క.

అతిస్వరం అన్న మాటని ‘అక్కర్లేని చప్పుడు’కి అంటగట్టడం నాకు నచ్చనిది ఇందుకే. తంబురా గుర్రం మీద తీగ కింద నూలుపోగు, అదే జీవా, పెట్టి జరిపేది అతిస్వరాల్ని పైకి తేవడానికే. సరిగ్గా కుదిరితే మంద్ర షడ్జం (కింది స్థాయి ‘స’) తీగలోంచి అంతర గాంధారం (ఒక రకం ‘గ’) దానంతటదే వినిపిస్తుంది. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. తీగ ఐదు సమభాగాలుగా ఊగడం వల్ల పుట్టే స్వరం అది. అంత గౌరవం ఉన్నదాన్ని తప్పుగా చూపించకూడదు.

కాబట్టి అక్కర్లేనిదానికి ‘మోత’ చాలని నా అభిప్రాయం. ‘మోగుతోంది’ అంటే మెచ్చుకోలు కావచ్చు, ‘ఒకటే మోత’ అంటే మాత్రం విసుగే. వెనక తీగల మోత అంటే వాయించేవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

ఇక ఆపడం. ‘నొక్కడం’ అస్సలు పనికిరాదు. మెట్టు మీద తీగ నొక్కితే స్వరం పుడుతుంది, చావదు. ‘అణచడం’ అంటే ఏదో తిరుగుబాటుని అణచినట్టుంది, పైగా చేస్తున్న పని అంత బలమైనది కాదు. వేలు గానీ ఫెల్ట్ గానీ తీగకి ఊరికే తగిలి ఉంటే చాలు. ఆ తగిలీ తగలని పనికి ‘ఆనించడం’ అచ్చంగా సరిపోతుంది. ‘వెనక తీగలకి ఫెల్ట్ ఆనించు, మోత పోతుంది’ అని నేర్చుకునే పిల్లలకి చెప్తే మళ్లీ వివరించక్కర్లేదు.

బొబ్బిలి, నూజివీడు వైపు వీణలు చేసేవాళ్లతో పరిచయం ఉన్నవాళ్లు గుంపులో ఉంటే ఒక్క మాట అడిగి చెప్పండి. వీణలో నాగపాశం (తీగల కొసలు తగిలించే చోటు) వైపు తీగలు అనవసరంగా పలికితే వాళ్లు దాన్ని ఏమంటారు?