షీట్‌లో ‘భాష వచ్చు’ అని రాస్తే ఏమేం వచ్చినట్టు?

ప్రశ్న (తార్నాక నుంచి)

టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటకు తెలుగులో క్యారెక్టర్ షీట్ (ఆటగాడు నడిపే పాత్ర వివరాలు రాసుకునే కాగితం) తయారుచేస్తున్నాం. బలం, కవచం, ఆయుధాల దగ్గర పెద్ద చిక్కు రాలేదు. ‘భాషలు’ గడి దగ్గర మాత్రం మాట తెగడం లేదు. ‘ఎల్ఫుల భాష వచ్చు’ (ఎల్ఫులు ఆటలోని ఒక కల్పిత జాతి) అని రాస్తే ఆ ‘వచ్చు’లో ఏమేం ఉన్నట్టు? వింటే అర్థమవడమా, మాట్లాడడమా, చదవడం, రాయడం కూడానా? ఈ తరహా ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల్లో మాట్లాడడం, చదవడం, రాయడం మూడూ కలిపే ఇచ్చేస్తారు. మా కథ జరిగే రాజ్యంలో చదువు కొద్దిమందికే. ‘అక్షరాస్యత: ఉంది, లేదు’ అని ఒక గడి పెడితే చాలా? దశలు పెట్టాలంటే వాటికి తెలుగులో ఏ మాటలు నప్పుతాయి?

జవాబు (మలక్‌పేట నుంచి)

‘వచ్చు’ అనేది మనకు ముందుగా నోటికీ చెవికీ సంబంధించిన మాటండీ. హైదరాబాదులో ‘ఉర్దూ వచ్చా?’ అని అడిగితే, పత్తర్‌గట్టీలో బేరమాడగలిగినవాళ్లంతా వచ్చనే అంటారు. అదే దుకాణం బోర్డు మీది ఉర్దూ వరుస చదవమంటే చాలామంది కళ్లు పక్కనున్న తెలుగు వరుస మీదికి పోతాయి. దీనికి తలకిందులైన సంగతీ మన ఇళ్లలోనే ఉంది. విష్ణు సహస్రనామం తెలుగు లిపిలో తడబడకుండా చదివేవాళ్లందరికీ సంస్కృతం రాదు. మొదటివాళ్లకు భాష ఉంది, లిపి లేదు. రెండోవాళ్లకు లిపి ఉంది, భాష లేదు. కాబట్టి ఒక గడి చాలదు. ‘నోటి భాషలు’, ‘లిపులు’ అని రెండు పెట్టండి.

మీరు చెప్పిన 2014 నియమాల్లోనే దీనికి ఆధారం ఉంది, కానీ ఎవరూ పట్టించుకోరు. భాషల పట్టికలో లిపికి వేరే నిలువు వరుస ఉంటుంది. డ్వార్ఫులనే మరో జాతి లిపిలో వాళ్ల భాషతో పాటు జెయింట్, నోమ్, గాబ్లిన్, ఓర్క్, ప్రైమోర్డియల్ భాషలూ రాస్తారు. అంటే ఒక లిపి, ఆరు భాషలు. ఎల్ఫ్ లిపిలో సిల్వన్, అండర్‌కామన్ కూడా నడుస్తాయి.

గడులు విడగొట్టగానే ఇద్దరు కలిసి చదవడం అనే పని ఆటలోకి వస్తుంది. ఓర్కుల ఉత్తరం దొరికింది. డ్వార్ఫుకు ఆ అక్షరాలు తెలుసు, ఓర్క్ భాష రాదు. పక్కనున్న వేటగాడికి ఓర్క్ మాట అర్థమవుతుంది, అక్షరం ముక్క రాదు. డ్వార్ఫు పైకి చదివితే వేటగాడు విని అర్థం చెబుతాడు. దీనికి మామూలుగా చదివే సమయానికి నాలుగింతలు పెట్టండి. గట్టిగా చదవాలి కనుక గుహలో శత్రువుల చెవినా పడుతుంది.

ఒక జాగ్రత్త. ఈ పద్ధతి అచ్చులను చూపించే లిపులకే సరిగ్గా పనిచేస్తుంది. తెలుగు, కన్నడ, దేవనాగరి అలాంటివి. ఉర్దూ మామూలు రాతలో హ్రస్వాచ్చుల గుర్తులు పెట్టరు, భాష తెలిసినవాళ్లే చదువుతూ నింపుకుంటారు. మీ లోకంలో ప్రతి లిపి పక్కనా ‘అచ్చులు చూపుతుంది’ లేదా ‘అచ్చులు దాస్తుంది’ అని ఒక మాట రాసిపెట్టుకోండి. దాచే లిపి అయితే ఇద్దరి చదువుకు 20 ముఖాల డైస్ మీద కనీసం 15 రావాలనండి. తప్పితే పేర్లు మాత్రం గుర్తుపట్టారని చెప్పండి. తెలుగు, కన్నడ లాంటి అక్కచెల్లెళ్ల లిపులైతే, ఒకటి వచ్చినవాళ్లకు రెండోది ఒక దశ తక్కువగా వచ్చినట్టే లెక్క.

జవాబు (సైనిక్‌పురి నుంచి)

దశల పేర్లకు కొత్త మాటలు పుట్టించక్కర్లేదు, బడిలో వాడినవే ఉన్నాయి. నేనైతే నాలుగు పెడతాను: ఓనమాలు, కూడబలుక్కోవడం, ధారాళం, రాయసం.

ఓనమాలు అంటే అక్షరం గుర్తుపడతాడు. తన పేరు, అంకెలు, దారిలో ఊరి పేరు, నాణెం మీది ముద్ర వరకు డైస్ అక్కర్లేదు. కూడబలుక్కోవడం అంటే పేజీకి పది నిమిషాలు, పెదవులు కదిలిస్తూ. ధారాళానికి పేజీకి ఒక నిమిషం. రాయసం అన్నిటికన్నా పైది. దస్తావేజు కట్టుగా రాయగలడు, ఇతరుల చేతిరాత పోల్చగలడు, గొలుసుకట్టు (అక్షరాలు కలిపేసి రాసే రాత) చదవగలడు. గొలుసుకట్టు రాతను వేరే చూడండి. అచ్చు పుస్తకం ధారాళంగా చదివేవాళ్లు కూడా పాత పట్వారీ లెక్కల ముందు ఆగిపోతారు. అందుకని గొలుసుకట్టు ఎదురైతే ధారాళం ఉన్నవాడిని కూడబలుక్కునే దశకు దించండి.

దశ పేరు షీట్‌లో ఉండిపోతే లాభం లేదు, ఆటగాడి చేతికి ఇచ్చే కాగితంలో కనబడాలి. దీనికి తెలుగు లిపి ఎంత బాగా కుదురుతుందో చూడండి. అసలు వాక్యం ఇది:

ఉత్తర ద్వారం ముందు చెట్టు కింద తవ్వు

కూడబలుక్కునేవాడికి ఒత్తులు తీసేసి ఇవ్వండి:

ఉతర దారం ముందు చెటు కింద తవు

ఓనమాల దశవాడికి గుణింతం, సున్నా కూడా తీసేసి ఇవ్వండి:

ఉతర దర మద చట కద తవ

రెండో కాగితంలో ‘ద్వారం’ కాస్తా ‘దారం’ అయింది. ఆటగాళ్లు గదంతా దారపు ఉండ కోసం వెతుకుతారు. మూడో కాగితంలో ‘చట’ చెట్టు కావచ్చు, చట్టం కావచ్చు. ‘పాత్రకు సరిగా చదవడం రాదు’ అని నోటితో చెప్పే పని ఉండదు, ఆటగాడే కూడబలుక్కుంటాడు.

కొలతలు: వాక్యం 12 మాటలు దాటకూడదు. రెండు నిమిషాల ఇసుక గడియారం పెట్టండి. ఆ తర్వాత పాత్ర తెలివి మీద డైస్ వేయించి, కనీసం 12 వస్తే ఆటగాడు కోరిన మూడు మాటలకు ఒత్తులు తిరిగి ఇవ్వండి. తప్పితే కాగితం అలాగే ఉంటుంది, గంట గడిస్తే గానీ మళ్లీ వేయకూడదు. ఒత్తులు ఎక్కువున్న పేర్లు వాడకండి. ‘లక్ష్మి’ ‘లకి’ అయిపోతే ఎవరూ పోల్చలేరు, అది ఆట కాదు, విసుగు. ఫోనులో టైప్ చేసేటప్పుడు మరో తంటా. బ్యాక్‌స్పేస్ కొడితే ఒత్తు పోయి పొల్లు మిగిలిపోతుంది, అది తర్వాతి అక్షరంతో కలిసి ‘ఉత్ర’ లాంటిది వస్తుంది. ఉన్నదాన్ని చెరపడం కన్నా కొత్తగా టైప్ చేయడమే తేలిక.

తార్నాక నుంచి

ఒత్తులు తీసేయడం వెంటనే వాడుకుంటాం, చాలా సంతోషం. రెండు సందేహాలు. ఆ కాగితంలోనే కథ ముందుకు పోయే ఆధారం ఉంటే, ఎవరికీ అర్థంకాకపోతే ఎలా? పైగా మా బృందంలో ఐదుగురిలో ఒక్కరికే లిపి వస్తే మిగతా నలుగురూ ఖాళీగా కూర్చుంటారు కదా?

జవాబు (సైనిక్‌పురి నుంచి)

కథ ఆగిపోయే ఆధారాన్ని రాతలో మాత్రమే ఎప్పుడూ పెట్టకండి. అదే సంగతి బొమ్మగా గోడ మీద, మాటగా ఊరి ముసలివాళ్ల నోట కూడా ఉండాలి. రాత చదివినవాళ్లకు అదనంగా ఏదో ఒకటి దక్కాలి: ఉచ్చు ఎక్కడుందో, తవ్వేముందు ఏం పలకాలో. చదవలేకపోతే నష్టం జరగాలి గానీ దారి మూసుకుపోకూడదు.

ఒక్కరే చదివే చిక్కుకు మన నేల మీదే విరుగుడు ఉంది. కరీంనగర్ ప్రాంతంలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన 10వ శతాబ్దపు శాసనం తెలుగు, కన్నడ, సంస్కృతం మూడింటిలో ఉంది. మీ శాసనాన్నీ అలా మూడు భాషల్లో మూడు ముక్కలు చేయండి. దాత పేరు ఒక భాషలో, దానం సంగతి ఒకదాంట్లో, శాపం మరొకదాంట్లో. ఒక్కొక్క ముక్క ఒక్కొక్కరికి అర్థమవుతుంది. అందరూ నోరు విప్పాల్సిందే.

జవాబు (నల్లకుంట నుంచి)

‘అక్షరాస్యత’ అన్న మాటను షీట్‌లో పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. అది జనగణన మాట. 2011 లెక్కల్లో ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వచ్చినవాళ్లే అక్షరాస్యులు. చదవడం వచ్చి రాయడం రాకపోతే ఆ లెక్కలోకి రారు. అంటే ఆ మాట మనిషిని అటో ఇటో తోసేస్తుంది. ఆటకు కావలసింది మధ్యలో ఉన్న మెట్లు. ‘వానాకాలం చదువు’ అని ఊరికే పుట్టిందా?

చదువును తెలివికి ముడిపెట్టకండి. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ నియమాల్లో పాత్ర తెలివి అంకె కనీసం 9 ఉంటేనే మాతృభాష చదవడం, రాయడం పూర్తిగా వచ్చినట్టు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్లో బార్బేరియన్ అనే యోధుడి పాత్రకు తప్ప అందరికీ చదువు ఉచితం, అతను రెండు స్కిల్ పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి. మొదటిదానికన్నా రెండోది నయం, ఎందుకంటే చదువు పుట్టుకతో వచ్చేది కాదని ఒప్పుకుంది. గర్ప్స్ అనే మరో ఆట నాలుగో ఎడిషన్ ఇంకా సబబు. మాటకు వేరు, రాతకు వేరు, ఒక్కోదానికి మూడేసి మెట్లు, మెట్టుకు ఒక పాయింట్. ఆ పద్ధతి తెచ్చుకోండి. మాతృభాష మాట ఉచితం. మొదట్లో ఒక్కొక్కరికి ఆరు పాయింట్లు ఇచ్చి, కొత్త భాష మాటకైనా లిపి దశకైనా మెట్టుకు ఒకటి చొప్పున ఖర్చుపెట్టుకోమనండి.

చదువు రాని పాత్రకు నష్టం ఒక్కటే రాస్తే అన్యాయం. ఒగ్గు కథ చెప్పేవాళ్లు రాత్రుళ్ల తరబడి సాగే కథను కాగితం చూడకుండా నడిపిస్తారు. లిపి గడి పూర్తిగా ఖాళీగా ఉన్న పాత్రకు ‘నోటిపాఠం’ ఇవ్వండి. ఒకసారి విన్న సందేశం, పద్యం, బేరం లెక్క పొల్లుపోకుండా తిరిగి చెప్పగలడు, డైస్ లేకుండా. సంతకం చోట వేలిముద్ర గానీ నిశానీ (గీసిన గుర్తు) గానీ. నిశానీ ఏమిటో ఆటగాణ్నే గీయమనండి, నాగలో, గొడ్డలో.

దస్తావేజుల్లో ‘చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను’ అన్న వాక్యం ఉంటుంది కదా, దానిలోనే ఒక పూట ఆట ఉంది. ఒప్పందం కాగితాన్ని లిపి వచ్చిన ఆటగాడి చేతికే ఇవ్వండి, మిగతావాళ్లు చూడకూడదు. అతను ఏం చదివితే అదే వాళ్లు విన్నది. ఒక్క షరతు: మోసం చేసే వీలుందని అందరికీ ఆట మొదలుకాకముందే చెప్పి ఒప్పించాలి. లేకపోతే పాత్రల మధ్య తగువు మనుషుల మధ్యకు వస్తుంది.

జవాబు (మలక్‌పేట నుంచి)

మంత్రాల సంగతి మర్చిపోకండి, లేకపోతే ఈ శ్రమంతా మొదటి స్థాయి మాంత్రికుడు ఊదేస్తాడు. తెలియని భాషను అర్థమయ్యేలా చేసే కాంప్రహెండ్ లాంగ్వేజెస్ మంత్రం గంటసేపు ఉంటుంది. రాతను చేత్తో తాకాలి, పేజీకి సుమారు ఒక నిమిషం పడుతుంది, రహస్య సంకేతాలను విప్పదు. అన్నిటికన్నా ముఖ్యం, వాచ్యార్థమే ఇస్తుంది. శాసనం ఎత్తులోనో, నీళ్లకు అవతలో ఉంటే తాకడమే ఒక సాహసం. ఇక వాచ్యార్థం దగ్గర మన శ్లేష కాపాడుతుంది. ‘హరి చూపు పడేచోట తవ్వు’ అని రాయండి. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, గుర్రం, పాము, కప్ప. గుడిలో వీటిలో మూడు శిల్పాలు పెట్టండి. మంత్రం ‘హరి’ అని చెప్పి ఊరుకుంటుంది. టంగ్స్ మంత్రం మాటకే, రాతకు పనికిరాదు.

నేర్చుకోవడానికి 2014 నియమాల్లో కొత్త భాషకు 250 రోజులు, రోజుకో బంగారు నాణెం. నోటి భాషకు అది ఉంచండి. మాట ముందే వచ్చినవాడు ఆ లిపి నేర్చుకోవాలంటే దశకు 60 రోజులు చాలనుకుంటాను.

తార్నాక నుంచి

అందరికీ ధన్యవాదాలు. షీట్‌లో ఇలా పెడుతున్నాం, సరిచూడండి.
నోటి భాషలు: సంత భాష (మాతృభాష), ఓర్క్ (పనికొచ్చేంత)
లిపులు: సంత లిపి (ధారాళం), డ్వార్ఫ్ లిపి (కూడబలుకు)
చేవ్రాలు లేదా నిశానీ: ఖాళీ గడి

జవాబు (సైనిక్‌పురి నుంచి)

‘కూడబలుకు’ అని తెంపితే ఎవరికో ఆజ్ఞ ఇచ్చినట్టుంది. గడి చిన్నదైనా ‘కూడబలుక్కుని’ అనే రాయండి. నిశానీ గడి మాత్రం వేలు పట్టేంత పెద్దది పెట్టండి, కొందరు నిజంగానే సిరా అద్దుతారు.