లాక్ నట్ల కీ పోయింది, ఐ20 అల్లాయ్ చక్రాలు విప్పేదెలా?

బెజవాడ_ఐ20

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఎలీట్ ఐ20 అండీ. అల్లాయ్‌లు బయట వేయించినవి. చక్రానికి నాలుగు నట్లు. మూడింటికి మామూలు 21 సాకెట్ పడుతుంది, నాలుగోది లాక్ నట్టు, అంటే చక్రాలు దొంగిలించకుండా వేసేది, దాని కీతోనే తిరుగుతుంది. అది గుండ్రంగా ఉంది, మొహం మీద పువ్వు ఆకారంలో సన్నటి గాడి ఉంది. దాని కీ పాత ఓనరు దగ్గర లేదు. కుడి వెనక టైరు రోజూ కొంచెం కొంచెంగా గాలి దిగుతోంది. పంచర్ షాపులో నట్లు విప్పే గన్‌కి సాకెట్ తగిలించి చూశారు, జారిపోయింది. వెల్డింగ్ పెట్టి లాగేద్దాం అంటున్నారు. అల్లాయ్ పాడవకుండా తీసే దారి చెప్పండి.

రించి_రావు

ముందు టైరు సంగతి. ట్యూబ్‌లెస్ కదా, మేకు ట్రెడ్డులో దిగి ఉంటే చక్రం విప్పక్కర్లేదు. బండి కొంచెం ముందుకు తోసి మేకు కనబడేలా పెట్టుకుంటే, చక్రం బండికి ఉండగానే పంచర్ పూడ్చే రబ్బరు స్ట్రిప్ ఎక్కించొచ్చు. లీకు వాల్వు దగ్గరో రిమ్ము అంచులోనో ఉంటే మాత్రం విప్పాల్సిందే. సబ్బు నీళ్లు పోసి చూస్తే తేలిపోతుంది.

కీ కోసం ఇంకో రెండు చోట్ల చూడండి: డిక్కీలో జాకీ పెట్టే గుంత అడుగున, ముందు సీట్ల మధ్య ఆర్మ్‌రెస్ట్ డబ్బాలో. ఆఖరుసారి టైర్లు మార్చిన షాపులో కూడా అడిగించండి. పని అయ్యాక కీ అక్కడి సాకెట్‌లోనే ఇరుక్కుని ఉండిపోవడం మామూలే. కొన్ని కంపెనీలు కీతో పాటు కోడ్ నంబరున్న కార్డు ఇస్తాయి. అది పాత సర్వీసు కాగితాల్లో దొరికితే అదే నమూనా కీ తెప్పించుకోవచ్చు.

సుత్తి పట్టుకునే ముందు ఒక పని చేయండి. గాడిని బ్రష్షుతో శుభ్రం చేసి, పిల్లలు ఆడుకునే క్లే ముద్దకి పౌడరు రాసి గట్టిగా అదిమి ముద్ర తీసుకోండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో కూడా తీయండి. మాస్టర్ కీల సెట్టు ఉన్న పెద్ద టైర్ల షాపులో ఈ ముద్రతో సరిపోల్చి చూస్తారు. ఒకే సెట్టు కాబట్టి నాలుగు చక్రాల లాక్ నట్లకూ గాడి ఒకటే, ఒక్క కీ కుదిరితే నాలుగూ వస్తాయి. ఆ కీని గన్‌తో మాత్రం తిప్పనివ్వకండి. సన్నటి గాడి అంచులు ఆ దెబ్బలకి చెదిరిపోతాయి, తర్వాత అసలు కీ దొరికినా పట్టదు.

అల్లాయ్_మేస్త్రి

కీ కుదరకపోతే సాకెట్ కొట్టి తీయాలి. మామూలు ఆరు మూలల సాకెట్ గుండ్రటి నట్టు మీద జారుతుంది. అందుకే లోపల 12 మూలలుండే 12 పాయింట్ సాకెట్, అర అంగుళం డ్రైవ్‌ది, పలచటి గోడ ఉన్నది తీసుకోండి. మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్ అల్లాయ్ రంధ్రంలో దిగకపోవచ్చు. నట్టు బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. సాకెట్ సైజు దానికంటే కొంచెం తక్కువుండాలి. చేత్తో పెడితే ఎక్కకూడదు, దెబ్బకి కొరుక్కుంటూ దిగాలి. ఈ సాకెట్ మళ్లీ దేనికీ పనికిరాదని అనుకునే కొనండి.

బండి నేల మీదే ఉండాలి, జాకీ ఎత్తొద్దు. హ్యాండ్‌బ్రేకు, ఫస్ట్ గేరు, మిగతా చక్రాలకి ఇటుకలు. కళ్లద్దాలు తప్పనిసరి. లాక్ నట్టు పైపొర గట్టిపరిచిన ఉక్కు, దెబ్బకి పెళ్లలు లేస్తాయి. కిలో సుత్తితో నాలుగైదు దెబ్బలు, నిటారుగా. ఆ దెబ్బ హబ్ బేరింగ్ మీదకే పోతుంది కాబట్టి ఊరికే బాదుతూ ఉండకండి.

తర్వాత 60 సెంటీమీటర్ల బ్రేకర్ బార్ (సాకెట్ తిప్పే పొడవాటి పిడి) తగిలించి కుదుపు లేకుండా నిదానంగా బరువు వేయండి. ఈ పొడవు దగ్గర 20 కిలోల బలం వేస్తే టార్క్ (తిప్పే బలం) సుమారు 118 న్యూటన్ మీటర్లు, అంటే సరిగ్గా బిగించిన నట్టు వదిలేంత. గన్‌తో అతిగా బిగించింది అయితే 40, 50 కిలోలు కావాలి. వదిలినప్పుడు టక్కుమని శబ్దం వస్తుంది.

ఎడమవైపు మరలున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు దొరికితే ఇంకా మంచిది. విప్పే కొద్దీ అవి నట్టుని కరుచుకుంటాయి. బయటికొచ్చాక నట్టు సాకెట్‌లోనే ఉండిపోతుంది. సాకెట్‌ని వైస్‌లో బిగించి, వెనక చదరపు రంధ్రంలోంచి పంచ్ పెట్టి కొడితే రాలుతుంది. మిగతా మూడు చక్రాల లాక్ నట్లకి అదే సాకెట్ కావాలి కదా.

గన్_లేదు_పానా_ఉంది

మిగతా మూడు నట్లు ముందే లూజ్ చేస్తే ఇది తేలిగ్గా వస్తుంది కదా? చాలా షాపుల్లో అలాగే చేస్తారు.

అల్లాయ్_మేస్త్రి

ఉల్టా అండీ. ఆ మూడూ లూజ్ చేస్తే చక్రాన్ని పట్టుకునే పని మొత్తం లాక్ నట్టు ఒక్కదాని మీద పడుతుంది, ఇంకా బిగుసుకుంటుంది. మూడూ బిగువుగా ఉండగానే ముందు లాక్ నట్టు విప్పాలి. మరీ మొండికేస్తే పక్క నట్లు ఇంకో రవ్వ బిగించండి, దీని మీద భారం తగ్గుతుంది.

బెజవాడ_ఐ20

ఇప్పుడే చూశాను. నట్టు బయటి గోడని వేలితో తిప్పితే ఊరికే తిరుగుతోంది, లోపలిది కదలట్లేదు. విరిగిపోయిందా?

రించి_రావు

విరగలేదు, దాని తయారీయే అంత. బయట తిరిగే తొడుగు, లోపల అసలు నట్టు. సాకెట్ కొట్టి తీసేవాళ్లని ఆపడానికే ఆ తొడుగు. షాపులో జారింది బహుశా అందుకే. దాని మీద సాకెట్ కొట్టి తిప్పితే సాకెట్‌తో పాటు తొడుగే తిరుగుతుంది.

ముందు అల్లాయ్ రంధ్రం గోడకి పలచటి రేకు చుట్టి పెట్టండి. సన్నటి ఉలితో తొడుగు ముందు అంచుని రెండు చోట్ల చీల్చి, నోస్ ప్లయర్‌తో లాగేయండి. ఇప్పుడు లోపలి నట్టు బయటపడుతుంది. దాని వ్యాసం మళ్లీ కొలిచి, పైన మేస్త్రి గారు చెప్పినట్టు చిన్న సైజు ఎక్స్‌ట్రాక్టర్ కొట్టండి. తొడుగు ఉండగా తీసిన కొలత ఇక్కడ పనికిరాదు.

వెల్డింగ్ వద్దు. ఆ వేడికి రంధ్రం చుట్టూ అల్లాయ్ బలం తగ్గుతుంది, పెయింటు పొంగుతుంది, లోపల బేరింగ్ గ్రీజు, సీలు దెబ్బతింటాయి. డ్రిల్లింగ్ ఆఖరి దారి. నట్టు మధ్యలో స్టడ్ (హబ్ నుంచి బయటికొచ్చే మరల కడ్డీ) ఉంటుంది కాబట్టి డ్రిల్లు దాన్నీ తినేస్తుంది, కొత్త స్టడ్ వేయించాల్సి వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో మాత్రం నట్టు కాదు, బోల్టు. అక్కడ తల తొలిచేస్తే చక్రం ఊడి వస్తుంది, మిగిలిన కాడని చేత్తోనో ప్లయర్‌తోనో తిప్పి తీయొచ్చు.

అల్లాయ్_మేస్త్రి

తీసిన చోట మళ్లీ లాక్ నట్టు వద్దు, మామూలు నట్టే వేయండి. మీ స్టడ్ ఎం12 (12 మిల్లీమీటర్ల మందం), పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లు. మారుతి నట్టు కూడా ఎం12, కానీ పిచ్ 1.25. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అది రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది, అక్కడ పానా వేస్తే స్టడ్ మర పోతుంది. ముందు చేత్తో ఐదారు చుట్లు తేలిగ్గా ఎక్కాలి. నట్టు కూర్చునే అంచు కూడా అల్లాయ్‌కి తగ్గట్టుండాలి. శంకువులా ఏటవాలుగా ఉన్న గుంతలో హోండా తరహా గోళాకారపు నట్టు వేస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది, నడుస్తుంటే లూజవుతుంది.

మరకి నూనె, గ్రీజు రాయకండి. ఏమైనా స్ప్రే కొట్టి ఉంటే గుడ్డతో తుడిచేయండి. జారుడు ఎక్కువై, అదే టార్క్‌కి స్టడ్ అతిగా సాగుతుంది. ఎదురెదురు నట్లు జతగా, రెండు విడతల్లో బిగించండి. టార్క్ అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది. హ్యుందాయ్‌లో పాతవాటికి 88 నుంచి 107, తర్వాతవాటికి 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు. ఒక 50, 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రం చల్లారి ఉన్నప్పుడు టార్క్ రెంచ్‌తో మరోసారి చూడండి.